కెనడా వర్క్ పర్మిట్: మీకు చెప్పిన జీతం రూల్ ప్రకారమే ఉందో లేదో మీరే చెక్ చేసుకోవడం ఎలా

"అన్నా, కెనడా నుంచి ఆఫర్ వచ్చింది, గంటకి ఇంత ఇస్తామంటున్నారు, ఓకేనా?" ఈ మధ్య ఎవరు మెసేజ్ పెట్టినా ఇదే ప్రశ్న. ఓకేనా కాదా అని నేను ఒక్క ముక్కలో చెప్పలేను, ఎందుకంటే ఏ ప్రావిన్స్, ఏ ఊరు, ఏ జాబ్ కోడ్, వారానికి ఎన్ని గంటలు అనేవి తెలియకుండా గంట రేటు ఒక్కటే చూసి ఏం చెప్తాం? కానీ చెక్ చేసుకునే పద్ధతి మాత్రం కష్టం కాదు, ఇంటర్నెట్ ఉంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఏజెంట్‌కి డబ్బులు కట్టి "సార్ అంతా కరెక్టే కదా" అని అడగడం కంటే ఇదే నయం, ఏజెంట్ ఎప్పుడూ కరెక్టే అంటాడు.

మొత్తం విషయం ఇంతే: నాలుగు కాగితాలు ఒకే మాట చెప్పాలి. ఒకటి కాంట్రాక్ట్, రెండు ఎల్‌ఎమ్‌ఐఏ లెటర్ (బయటి మనిషిని తీసుకోవచ్చని ఎంప్లాయర్‌కి ప్రభుత్వం ఇచ్చేది), మూడు వర్క్ పర్మిట్, నాలుగు పే స్టబ్ (జీతం చీటీ). కంపెనీ పేరు, పని చేసే చోటు, జాబ్ కోడ్, గంటలు, గంట రేటు ఈ ఐదూ నాలుగింటిలో ఎక్కడ కనిపించినా ఒకేలా ఉండాలి. ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగి అడగాలి. కింద రాసిందంతా ఆ తేడా ఎలా పట్టుకోవాలనే.

ముందే ఒక మాట, క్యూబెక్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది సగమే పనికొస్తుంది. అక్కడ సీఏక్యూ అని ప్రావిన్స్ ఇచ్చే సర్టిఫికెట్ కూడా కావాలి, జీతాలకి వాళ్ళ గైడ్ వాళ్ళకి వేరే ఉంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పాస్‌పోర్ట్ (ఎక్స్‌పైరీ డేట్ ఎంత దూరం ఉందో ఇప్పుడే చూడండి, తర్వాత దాని పని ఉంది), ఆఫర్ లెటర్ లేదా కాంట్రాక్ట్ డ్రాఫ్ట్, వచ్చి ఉంటే ఎల్‌ఎమ్‌ఐఏ లెటర్ అన్ని పేజీలతో సహా, పాత కంపెనీల ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, ఒక కాలిక్యులేటర్. ఎల్‌ఎమ్‌ఐఏ లెటర్ మొదటి పేజీ ఒక్కటే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారంటే ఒప్పుకోవద్దు, వెనక ఉండే అనెక్స్ పేజీల్లోనే మీ జీతం, గంటలు, కండిషన్లు ఉంటాయి. అసలు సరుకు అక్కడే ఉంది.

1. మీది ఏ దారో తెలుసుకోండి

కెనడాలో టెంపరరీగా పని చేయడానికి పెద్దవి రెండు దారులు. మొదటిది టెంపరరీ ఫారిన్ వర్కర్ ప్రోగ్రామ్, దీనికి ఎంప్లాయర్ ముందు ఎల్‌ఎమ్‌ఐఏ తెచ్చుకోవాలి, అంటే "ఈ పనికి ఇక్కడి వాళ్ళు దొరకలేదు, బయటి మనిషిని తీసుకోవచ్చు" అని ఈఎస్‌డీసీ అనే శాఖ ఇచ్చే ఓకే. రెండోది ఇంటర్నేషనల్ మొబిలిటీ ప్రోగ్రామ్, దీనికి ఎల్‌ఎమ్‌ఐఏ అక్కర్లేదు, కంపెనీ లోపల ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళే ఐటీ వాళ్ళలో చాలామంది ఇందులోకే వస్తారు. ఇందులో ఎంప్లాయర్ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఆఫర్ సబ్మిట్ చేసి 230 డాలర్ల కంప్లయన్స్ ఫీజు కడతాడు, అప్పుడు ఇంగ్లీష్ అక్షరం "ఏ"తో మొదలై తర్వాత 7 అంకెలు ఉండే ఒక నంబర్ వస్తుంది, అది మీకు ఇవ్వాలి.

కాబట్టి ఎంప్లాయర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎల్‌ఎమ్‌ఐఏ నంబర్ ఇస్తారా, ఆఫర్ నంబర్ ఇస్తారా? రెండూ లేవు, "మీరు విజిటర్ వీసా మీద రండి, ఇక్కడికొచ్చాక చూసుకుందాం" అంటే ఆ మనిషితో మాట్లాడటం ఆపేయండి. వెనకటికి బోర్డర్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చి అక్కడే పర్మిట్ తీసుకునే అలవాటు ఉండేది, ఫ్లాగ్‌పోలింగ్ అనేవాళ్ళు, వర్క్ పర్మిట్లకి దాన్ని 2024 డిసెంబర్ 23తో ఆపేశారు. ఇంకా ఆ కథ చెప్పి డబ్బులడిగే వాళ్ళున్నారు.

2. ఎన్‌ఓసీ కోడ్ చూడండి, టైటిల్ చూడకండి

కెనడాలో ప్రతి ఉద్యోగానికీ 5 అంకెల ఎన్‌ఓసీ కోడ్ ఉంటుంది. కుక్ అయితే 63200, ఫుడ్ సర్వీస్ సూపర్‌వైజర్ 62020, లాంగ్ హాల్ ట్రక్ డ్రైవర్ 73300, సాఫ్ట్‌వేర్ డెవలపర్ 21232. కోడ్‌లో రెండో అంకె టీర్ లెవెల్, 0 నుంచి 5 దాకా, చిన్న అంకె అంటే ఎక్కువ స్కిల్ ఉన్న పని.

ఇక్కడ మోసం ఎలా జరుగుతుందంటే, కాగితం మీద "సూపర్‌వైజర్" అని పెడతారు, షాపులోకి వెళ్ళాక క్యాష్ కౌంటర్ దగ్గర నిలబెడతారు, లేదంటే రివర్స్‌లో చేసేది కుక్ పని, రాసేది హెల్పర్ కోడ్, ఎందుకంటే హెల్పర్‌కి మీడియన్ జీతం (ఆ పని చేసేవాళ్ళ జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ పడేది) తక్కువ కాబట్టి ఎంప్లాయర్‌కి మిగులు. రెండూ తప్పే. రెండింటిలోనూ చివరికి ఇబ్బంది పడేది మీరే, ఎందుకంటే రేపు పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) అప్లై చేసేటప్పుడు మీ ఎక్స్‌పీరియెన్స్‌ని మీరు నిజంగా చేసిన పనుల లిస్టుతో పోల్చి చూస్తారు, టైటిల్‌తో కాదు.

చేయాల్సింది: ఎన్‌ఓసీ సైట్‌లో ఆ కోడ్ కొట్టి మెయిన్ డ్యూటీస్ చదవండి. కాంట్రాక్ట్‌లో రాసిన పనుల్లో ఎక్కువ భాగం అక్కడ ఉండాలి. మీ పాత ఎక్స్‌పీరియెన్స్ లెటర్లలోనూ ఉండాలి. వీసా ఆఫీసర్ "ఈ మనిషి ఈ పని చేయగలడని నాకు నమ్మకం కలగలేదు" అని రిజెక్ట్ చేయడం చాలా మామూలు, దానికి కారణం చాలాసార్లు లెటర్‌లో "ఫలానా డేట్ నుంచి ఫలానా డేట్ దాకా పని చేశారు, మంచివారు" అని రాసి పనుల వివరం రాయకపోవడమే.

3. జాబ్ బ్యాంక్‌లో మీడియన్ జీతం తీయండి

ఇదే అసలు స్టెప్, తొందరపడకండి.

కెనడా ప్రభుత్వం నడిపే జాబ్ బ్యాంక్ సైట్‌కి వెళ్ళి వేజెస్ సెక్షన్‌లో మీ ఎన్‌ఓసీ కోడ్ కొట్టండి. తక్కువ, మీడియన్, ఎక్కువ అని మూడు కాలమ్స్ వస్తాయి. మీకు కావాల్సింది నడిమధ్య కాలమ్. పైన కెనడా మొత్తం లెక్క కనిపిస్తుంది, దాన్ని చూసి ఆగిపోవద్దు, కిందకి దిగి మీరు పని చేయబోయే ప్రావిన్స్, అందులో మీ ఏరియా లైన్ పట్టుకోండి. ఏరియాకి అంకె లేకపోతే ప్రావిన్స్ అంకె, అదీ లేకపోతే దేశం అంకె. కంపెనీ హెడ్ ఆఫీస్ ఎక్కడుందన్నది సంబంధం లేదు, మీరు ఎక్కడ పని చేస్తారన్నదే లెక్క.

రూల్ ఏంటంటే మీ జీతం ప్రివేలింగ్ వేజ్‌కి తగ్గకూడదు. ఆ ప్రివేలింగ్ వేజ్ అంటే రెండింటిలో ఏది ఎక్కువైతే అది: ఒకటి ఈ జాబ్ బ్యాంక్ మీడియన్, రెండు అదే కంపెనీ అదే చోట అదే పని చేసే, మీలాంటి అనుభవమున్న వాళ్ళకి ఇప్పటికే ఇస్తున్న జీతం. ఈ రెండోదాన్ని అందరూ మర్చిపోతారు. మీడియన్ 28 డాలర్లు అనుకోండి, పక్కన కెనడియన్ కుర్రాడికి 31 ఇస్తున్నారు, అప్పుడు మీకు 28 ఇస్తే కుదరదు. యూనియన్ ఉన్న చోటయితే యూనియన్ అగ్రిమెంట్‌లో ఉన్న రేటు ఇవ్వాలి.

కనీస వేతనం దాటితే చాలు కదా అని చాలామంది అనుకుంటారు. చాలదు. ఒంటారియోలో 2025 అక్టోబర్ 1 నుంచి కనీస వేతనం గంటకి 17.60 డాలర్లు, కానీ మీ కోడ్ మీడియన్ 24 ఉంటే మీకు 24 ఇవ్వాల్సిందే, 18 ఇచ్చి "మినిమం కంటే ఎక్కువే ఇస్తున్నాం" అంటే ఎల్‌ఎమ్‌ఐఏ కండిషన్ తప్పినట్టే.

జీతం లెక్కలోకి రానివి: టిప్స్, ఓవర్‌టైమ్, బోనస్, కమిషన్, లాభాల్లో వాటా. గ్యారంటీగా ప్రతి గంటకీ వచ్చేదే జీతం. "బేస్ 19, టిప్స్ కలిపితే 27 పడుతుంది" అంటే రూల్ దృష్టిలో మీ జీతం 19. కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద స్పెషలైజ్డ్ నాలెడ్జ్ కింద వెళ్ళే ఐటీ వాళ్ళకీ ఇదే తరహా లెక్క, కంపెనీ కట్టే హోటల్ బిల్లు, రవాణా ఖర్చు జీతంలో కలిపి చూపిస్తే చెల్లదు.

మీరు చూసిన పేజీని డేట్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఈ అంకెలు అప్‌డేట్ అవుతూ ఉంటాయి. పైగా 2024 జనవరి నుంచి ఎంప్లాయర్ ఏటా మీ జీతాన్ని మళ్ళీ చూసి, ప్రివేలింగ్ వేజ్ పెరిగి ఉంటే పెంచాలి. రెండో ఏడాది కూడా అదే రేటు నడుస్తుంటే నోరు తెరిచి అడగడానికి మీకు కారణం ఉన్నట్టే.

4. ఏడాది జీతాన్ని గంటలోకి మార్చండి

ఫార్ములా: ఏడాది జీతం భాగించు 52, దాన్ని మళ్ళీ వారానికి గంటలతో భాగించండి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆఫర్ 72,000 డాలర్లు అనుకుందాం. వారానికి 40 గంటలయితే ఏడాదికి 2,080 గంటలు, గంటకి 34.62 పడుతుంది. అదే 72,000, వారానికి 37.5 గంటలయితే ఏడాదికి 1,950 గంటలు, గంటకి 36.92. జీతం అంతే, గంటలే మారాయి, కానీ ఒంటారియోలో ఈ రెండూ వేరే వేరే స్ట్రీమ్‌లలోకి వెళ్ళిపోతాయి, ఎందుకో తర్వాత స్టెప్‌లో వస్తుంది. అందుకే "ఏడాదికి ఇంత" అని మాత్రమే రాసి గంటలు రాయని కాంట్రాక్ట్‌మీద సంతకం పెట్టొద్దు. గంటలు "అవసరాన్ని బట్టి" అని రాసినా పెట్టొద్దు. ఈ ప్రోగ్రామ్‌లో ఫుల్ టైమ్ అంటే వారానికి కనీసం 30 గంటలు, కానీ కాంట్రాక్ట్‌లో 40 అని ఉంటే 40 గంటల పని చూపించాల్సిన బాధ్యత వాళ్ళదే.

5. హై వేజా, లో వేజా

ప్రతి ప్రావిన్స్‌కీ ఒక గీత ఉంటుంది, గంట రేటు ఆ గీత మీద లేదా పైన ఉంటే హై వేజ్ స్ట్రీమ్, కింద ఉంటే లో వేజ్. 2024 నవంబర్ 8న ఈ గీతని ప్రావిన్స్ మీడియన్ జీతానికి 20 శాతం పైకి జరిపారు, దాంతో అప్పటిదాకా హై వేజ్‌లో ఉన్న చాలా ఉద్యోగాలు ఒక్కసారిగా లో వేజ్‌లోకి పడిపోయాయి. 2025 జూన్ 27 నుంచి గీత ఒంటారియోలో 36.00, ఆల్బర్టాలో 36.00, బ్రిటిష్ కొలంబియాలో 36.60, మానిటోబాలో 30.16, సస్కాచెవాన్‌లో 33.60 డాలర్లు. మీరు చదివే టైమ్‌కి మారి ఉండొచ్చు, ఈఎస్‌డీసీ పేజీలో ఇప్పటి అంకె చూసుకోండి. పైన 72,000 ఉదాహరణలో ఒకటి లో వేజ్, ఇంకొకటి హై వేజ్ ఎందుకయిందో ఇప్పుడర్థమైంది కదా.

ఈ తేడాతో ఏమవుతుందంటే, హై వేజ్ అయితే 3 ఏళ్ళ దాకా పర్మిట్ రావచ్చు. లో వేజ్ అయితే 2024 సెప్టెంబర్ 26 నుంచి ఏడాదే. అదొక్కటే కాదు, నిరుద్యోగం 6 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్న పెద్ద నగరాల ఏరియాల్లో లో వేజ్ అప్లికేషన్లని అసలు ప్రాసెసే చెయ్యరు, కన్‌స్ట్రక్షన్, ఫుడ్ ప్రాసెసింగ్, హాస్పిటల్స్, వ్యవసాయం లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు. ఆ ఏరియాల లిస్టు 3 నెలలకోసారి మారుతుంది. మీ ఎంప్లాయర్ టొరంటో రెస్టారెంట్, జీతం 22 డాలర్లు, "ఎల్‌ఎమ్‌ఐఏ అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటున్నాడు, అలాంటప్పుడు ఆ లిస్టు తెరిచి చూడండి, టొరంటో అందులో ఉంటే ఆ మాట అబద్ధమని తేలిపోతుంది.

లో వేజ్‌లో కార్మికుడికి కొన్ని లాభాలు కూడా ఉన్నాయి, వీటి గురించి మనవాళ్ళకి ఎవరూ చెప్పరు. మీ రానూపోనూ టికెట్ ఎంప్లాయర్ పెట్టుకోవాలి, ఆ ఖర్చు జీతంలో కోయకూడదు. అందుబాటు అద్దెలో ఇల్లు దొరికేలా చూడాలి. ప్రావిన్స్ హెల్త్ కార్డ్ వర్తించేదాకా ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్ళే కట్టాలి. మీ ఆఫర్ లో వేజ్ అయి, టికెట్ మీరే కొనుక్కోమంటే కాంట్రాక్ట్‌లో ఆ పేరా చూపించి అడగండి.

ఐటీ వాళ్ళకి ఆల్టర్నేటివ్ ఉంది, గ్లోబల్ టాలెంట్ స్ట్రీమ్. 10 వర్కింగ్ డేస్‌లో ప్రాసెస్ చేయడం దాని టార్గెట్. అందులో కేటగిరీ బీ కింద సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కొన్ని లిస్టులో ఉన్నాయి, కేటగిరీ ఏ కింద అయితే ఏడాదికి 80,000 డాలర్లు అంటే గంటకి 38.46 కనీసం ఉండాలి. కంపెనీ హెచ్‌ఆర్ దీని పేరే విననట్టు మాట్లాడితే ఒకసారి మీరే చెప్పి చూడండి.

6. ఎంప్లాయర్ నిజంగా ఉన్నాడా

రెండు లిస్టులు చూడండి. ఐఆర్‌సీసీ, అంటే కెనడా ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో రూల్స్ తప్పిన ఎంప్లాయర్ల లిస్టు ఉంటుంది, ఎందుకు దొరికాడు, ఎంత ఫైన్, ఎన్నాళ్ళు బ్యాన్ అన్నీ రాసి ఉంటాయి. ఫైన్ ఒక్కో తప్పుకి లక్ష డాలర్ల దాకా పోవచ్చు. రెండోది ఓపెన్ గవర్నమెంట్ పోర్టల్‌లో 3 నెలలకోసారి పెట్టే పాజిటివ్ ఎల్‌ఎమ్‌ఐఏ వచ్చిన ఎంప్లాయర్ల లిస్టు. కొత్తగా వచ్చిన ఎల్‌ఎమ్‌ఐఏ అందులో ఇంకా కనిపించకపోవచ్చు, అందుకని లేదంటే ఫేక్ అని వెంటనే అనుకోవద్దు, కానీ "మేం ఏటా పదుల మందిని తెప్పిస్తాం" అనే కంపెనీ ఏ లిస్టులోనూ లేకపోతే అనుమానించాల్సిందే.

తర్వాత జీమెయిల్ నుంచి వచ్చిన ఆఫర్‌ని కంపెనీ మెయిల్ నుంచి మళ్ళీ పంపమనండి. ఫోన్ నంబర్ ఏజెంట్ ఇచ్చింది కాకుండా మీరే వెతికి, షాప్ టైమ్‌లో ఫోన్ చేసి మేనేజర్‌తో మాట్లాడండి.

7. డబ్బు ఎవరు కట్టాలి

ఇది గట్టిగా చెప్తున్నా. ఎల్‌ఎమ్‌ఐఏ ఫీజు ఒక్కో పోస్టుకి 1,000 డాలర్లు, అది ఎంప్లాయరే కట్టాలి, మీ దగ్గర వసూలు చేయడం నిషేధం. రిక్రూట్‌మెంట్ ఫీజు కూడా మీ మీద వేయకూడదు. మీరు కట్టాల్సింది వర్క్ పర్మిట్ ఫీజు 155, బయోమెట్రిక్స్ 85, మెడికల్, పోలీస్ సర్టిఫికెట్ లాంటి సొంత ఖర్చులు. కన్సల్టెంట్‌ని మీ అప్లికేషన్ కోసం మీరు పెట్టుకుంటే వాళ్ళ ఫీజు మీది, కానీ వాళ్ళ పేరు సీఐసీసీ కాలేజ్ (ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకి లైసెన్స్ ఇచ్చే సంస్థ) పబ్లిక్ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి, లేదా లాయర్ అయి ఉండాలి.

"ఎల్‌ఎమ్‌ఐఏ కొనుక్కుంటే పీఆర్ పాయింట్లు వస్తాయి" అని లక్షలు తీసుకున్న కాలం ఒకటి ఉంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు చూసి పీఆర్‌కి పిలిచే పద్ధతి) జాబ్ ఆఫర్‌కి ఇచ్చే 50, 200 పాయింట్లు 2025 మార్చి 25న తీసేశారు. ఇప్పటికీ పాయింట్ల పేరు చెప్పి అమ్ముతున్నారంటే మీకు తెలియదనే ధైర్యంతోనే.

ఇంకో రకం ఉంది, అదే అన్నిటికంటే చెడ్డది. కాగితం మీద 36 డాలర్లు, బ్యాంకులో కూడా 36 లెక్కనే పడుతుంది, నెల చివర్లో సగం క్యాష్ తీసి ఓనర్‌కి తిరిగి ఇవ్వాలి. దీనికి ఒప్పుకుంటే మీరు కూడా అబద్ధపు ఉద్యోగంలో భాగమైనట్టే, తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే 5 ఏళ్ళు కెనడాలో అడుగుపెట్టలేరు.

8. పర్మిట్‌కి అప్లై చేయండి

పాజిటివ్ ఎల్‌ఎమ్‌ఐఏ మీద డేట్ ఉంటుంది. 2024 మే 1 నుంచి దాని వ్యాలిడిటీ 6 నెలలే, ఆ లోపు మీ పర్మిట్ అప్లికేషన్ వెళ్ళిపోవాలి. కెనడా బయట నుంచి ఐఎంఎం 1295 ఫామ్, లోపల నుంచి ఐఎంఎం 5710. ఎల్‌ఎమ్‌ఐఏ లెటర్ అన్ని పేజీలు, కాంట్రాక్ట్, పనుల వివరంతో ఉన్న ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, చదువు సర్టిఫికెట్లు పెట్టండి. ఇండియా నుంచి 6 నెలలు మించి వెళ్తుంటే మెడికల్ ఉంటుంది.

ఇందాక పాస్‌పోర్ట్ డేట్ చూడమన్నా కదా. మీ పాస్‌పోర్ట్ ఎప్పుడు అయిపోతుందో పర్మిట్ అంతకు మించి ఇవ్వరు. ఎల్‌ఎమ్‌ఐఏ 3 ఏళ్ళకి వచ్చి, పాస్‌పోర్ట్ 14 నెలలే ఉంటే పర్మిట్ 14 నెలలే. ముందు పాస్‌పోర్ట్ రెన్యూ చేసుకుని అప్పుడు అప్లై చేయండి, టైమ్ ఉంటే.

భార్య లేదా భర్తకి ఓపెన్ వర్క్ పర్మిట్ (ఎవరి దగ్గరైనా పని చేసుకునేది) వస్తుందిలే అని లెక్కలేసుకునేవాళ్ళు ఆగండి. 2025 జనవరి 21 నుంచి మీ ఉద్యోగం టీర్ 0 లేదా 1, లేదా టీర్ 2, 3లో ఎంపిక చేసిన కొన్ని అయితేనే, అదీ మీ పర్మిట్‌లో కనీసం 16 నెలలు మిగిలి ఉంటేనే. ఏడాది పర్మిట్ మీద వెళ్ళే లో వేజ్ వాళ్ళకి ఈ లెక్క కుదరదు, ఇంటి అద్దె ప్లాన్ ఒక్క జీతం మీదే వేసుకోండి.

9. ఎయిర్‌పోర్ట్‌లో కాగితం చదివే కదలండి

ఇండియాలో మీకొచ్చే అప్రూవల్ లెటర్ పర్మిట్ కాదు. అసలు పర్మిట్ కెనడాలో దిగాక బోర్డర్ ఆఫీసర్ ప్రింట్ చేసి ఇస్తారు. 20 గంటల ప్రయాణం, నిద్రలేదు, పిల్లలు ఏడుస్తుంటారు, బ్యాగులు ఎక్కడో తిరుగుతుంటాయి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేస్తారు చాలామంది. అక్కడే నిలబడి చదవండి: పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ, ఎంప్లాయర్ పేరు, పని చేసే ఊరు, ఉద్యోగం, ఎక్స్‌పైరీ డేట్, కింద రిమార్క్స్. తప్పుంటే అక్కడికక్కడే చెప్పండి, ఆ కౌంటర్ దగ్గర 5 నిమిషాల్లో అయ్యే పనికి బయటికొచ్చాక నెలలు పడుతుంది.

తర్వాత సర్వీస్ కెనడా ఆఫీసులో సిన్ నంబర్ (జీతానికీ ట్యాక్స్‌కీ అడిగే నంబర్) తీసుకోండి, ఉచితం. టెంపరరీ వాళ్ళ నంబర్ 9తో మొదలవుతుంది, పర్మిట్‌తో పాటే దాని గడువూ అయిపోతుంది, పర్మిట్ పొడిగించినప్పుడల్లా దాన్నీ అప్‌డేట్ చేయించుకోవాలి. సంతకాలైన కాంట్రాక్ట్ కాపీ పనిలో చేరే మొదటి రోజుకల్లా మీ చేతికి రావాలి, అది మీ హక్కు.

10. మొదటి పే స్టబ్ పట్టుకుని కూర్చోండి

అకౌంట్‌లో ఎంత పడిందని కాదు, ముందు గ్రాస్, అంటే కోతలకి ముందు ఉన్న మొత్తం చూడండి. ఉదాహరణకి గంటకి 36.50, వారానికి 40 గంటలు, రెండు వారాల స్టబ్ అయితే 80 గంటలు, గ్రాస్ 2,920 ఉండాలి. అందులోంచి సీపీపీ (పెన్షన్‌కి కట్టేది) 5.95 శాతం, చిన్న మినహాయింపు పోను దాదాపు 166 డాలర్లు, ఈఐ (ఉద్యోగం పోతే ఆదుకునే బీమా) 48 డాలర్ల లోపు, తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్. ఇవి మామూలు కోతలు. ఇవి కాకుండా "ట్రైనింగ్", "ప్రాసెసింగ్", "అడ్వాన్స్ రికవరీ" అని మీరు రాతపూర్వకంగా ఒప్పుకోని లైన్ కనిపిస్తే అడగండి.

గ్రాస్‌ని గంటలతో భాగిస్తే కాంట్రాక్ట్‌లో ఉన్న రేటు రావాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు స్టబ్‌లో రాసిన గంటల్నే నమ్మడం. మీరు 47 గంటలు చేస్తే స్టబ్‌లో 40 అని ఉంటుంది, రేటు కరెక్ట్‌గానే కనిపిస్తుంది. అందుకే రోజూ ఎన్నింటికి వెళ్ళారు, ఎన్నింటికి వచ్చారు ఫోన్‌లో రాసుకోండి. ఒంటారియోలో వారానికి 44 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి, కాకపోతే ఐటీ ప్రొఫెషనల్స్‌కి అక్కడ ఈ ఓవర్‌టైమ్ రూల్ వర్తించదు, వాళ్ళు ముందే కాంట్రాక్ట్‌లో మాట్లాడుకోవాలి.

స్టబ్ అసలు ఇవ్వకుండా క్యాష్ ఇస్తుంటే తీసుకోకండి. పీఆర్‌కి అప్లై చేసే రోజు ఆ పనికి ఆధారమే ఉండదు.

11. మారాలన్నా, పొడిగించాలన్నా

ఎంప్లాయర్ పేరున్న పర్మిట్ మీద ఆ ఎంప్లాయర్ దగ్గర, ఆ పనే చేయాలి. వీకెండ్‌లో పక్క షాపులో నాలుగు గంటలు, రాత్రి ఫుడ్ డెలివరీ, ఇవన్నీ అనుమతి లేని పనే. అదే ఓనర్‌కి ఇంకో ఊళ్ళో ఇంకో కంపెనీ పేరుతో షాపుంటే అక్కడ కూడా కుదరదు. ఇక్కడే ఎక్కువమంది దొరికిపోతున్నారు, "ఓనర్ ఒకడే కదా" అని.

పొడిగింపు అయితే పర్మిట్ అయిపోకముందే అప్లై చేయాలి. అలా చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత కండిషన్ల మీదే పని చేసుకోవచ్చు, దీన్ని మెయింటెయిన్డ్ స్టేటస్ అంటారు. ఆ మధ్యలో ఇండియా వెళ్ళొస్తే మాత్రం కొత్త పర్మిట్ చేతికొచ్చేదాకా పని చేయలేరు, చెల్లెలి పెళ్ళి డేట్ పెట్టుకునే ముందే ఇది చూసుకోండి. గడువు దాటిపోతే వెంటనే పని ఆపి 90 రోజుల లోపు రిస్టోరేషన్‌కి, అంటే పోయిన స్టేటస్ తిరిగి ఇమ్మని అప్లై చేయొచ్చు.

ఎంప్లాయర్ మారాలంటే కొత్త ఎల్‌ఎమ్‌ఐఏ లేదా ఆఫర్ నంబర్, కొత్త పర్మిట్ అప్లికేషన్ కావాలి. అప్లై చేశాక ఐఆర్‌సీసీ వెబ్‌ఫామ్ ద్వారా అడిగితే పర్మిట్ రాకముందే కొత్త చోట చేరడానికి అనుమతి మెయిల్ ఇచ్చే పాలసీ ఒకటి 2020 నుంచి నడుస్తోంది. ఆ మెయిల్ వచ్చాకే చేరాలి, అప్లై చేశాం కదా అని చేరిపోకూడదు.

12. జీతం ఎగ్గొడుతుంటే

ముందు మెయిల్‌లోనో మెసేజ్‌లోనో అడగండి, నోటిమాటగా కాదు. "ఫలానా రెండు వారాలకి ఇన్ని గంటలు చేశాను, ఇన్నింటికే పడింది" అని మర్యాదగా రాస్తే చాలు, నిజంగా పొరపాటయితే సరిచేస్తారు, కాకపోతే మీకు రికార్డ్ ఉంటుంది.

కదలకపోతే రెండు చోట్ల చెప్పుకోవచ్చు. జీతం బాకీకి ప్రావిన్స్ లేబర్ శాఖ దగ్గర ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ క్లెయిమ్. ప్రోగ్రామ్ రూల్స్ తప్పినందుకు సర్వీస్ కెనడా టిప్ లైన్ 1-866-602-9448, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేశారని మిమ్మల్ని వేధించడం కూడా నేరుగా రూల్ తప్పడమే, 2022 సెప్టెంబర్ 26 నుంచి అది రాతలో ఉంది. పాస్‌పోర్ట్ లాక్కోవడం ఎవరికీ హక్కు లేదు, ఓనర్‌కైనా ఏజెంట్‌కైనా.

పరిస్థితి బాగా చెడిపోతే, అంటే జీతం గుంజుకోవడం, బెదిరించడం, కొట్టడం, "నోరెత్తితే ఇండియాకి పంపిస్తా" అనడం, అలాంటప్పుడు వల్నరబుల్ వర్కర్స్‌కి ఇచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్‌కి కెనడా లోపల నుంచే అప్లై చేయొచ్చు. 2019 జూన్ 4 నుంచి ఉంది, పర్మిట్ ఫీజు లేదు, సాధారణంగా 12 నెలల దాకా ఇస్తారు, ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు. మిమ్మల్ని కెనడా నుంచి పంపించేసే అధికారం ఓనర్‌కి లేదు, బెదిరింపు వినగానే భయపడి రాజీనామా రాసివ్వకండి.

దానికి కావాల్సింది జరిగింది తేదీలతో సహా రాసిన లెటర్, ఆధారాలు: పే స్టబ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, మీ గంటల నోట్, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, క్యాష్ తిరిగి ఇచ్చిన రోజు ఏటీఎంలో తీసిన స్లిప్. వీటిని కంపెనీ ఫోన్‌లోనో కంపెనీ మెయిల్‌లోనో దాచొద్దు, ఉద్యోగం పోయిన రోజే అవీ పోతాయి. మీ సొంత డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, ఇండియాలో ఇంట్లో ఒకరికి కూడా యాక్సెస్ ఇచ్చి పెట్టండి.